గరుకే దిక్కు

అరచెయ్యి బండ మీద పెట్టు. వెంటనే తీసెయ్యకు. కాలుతుంది, తెలుసు. రోహిణి కార్తె చివరి రోజులు. ఈ కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. సాయంత్రం నాలుగున్నర దాటినా బండ ఇంకా పొయ్యి మీంచి దించిన పెనంలాగే ఉంది. అయినా చెయ్యి అలాగే ఉంచు. కళ్లు మూసుకో.

"ఏం తగుల్తుంది బిడ్డా?" పక్కనుంచి తాత అడుగుతాడు.

"గరుకు."

"ఇంకా?"

ఇంకేముంటుంది? గరుకంటే గరుకే. నువ్వు కళ్లు తెరుస్తావు. తాత ఏమీ అనడు, తల అడ్డంగా ఊపుతాడంతే. నలభై ఏళ్లు శానం, సమ్మెట పట్టిన చేతులవి. ఇప్పుడు ఆ చేతిలో ఉన్నది పిడికెడంత సుత్తె ఒక్కటే. కాళ్లకు చెప్పుల్లేవు. నీ కాళ్లకేమో పాత బూట్లు. అడుగుభాగం అరిగి నున్నగా అయ్యాయని నీకు తెలుసు, ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకుని వేసుకొచ్చావు.

యాదాద్రి భువనగిరి జిల్లాలో, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తప్ప ఎవరికీ పేరు తెలియని ఒక గుట్ట పాదం దగ్గర నిలబడి ఉన్నారు మీరిద్దరూ. దూరంగా, ఎండ పొగలో, భువనగిరి కోట గుండు కనిపిస్తోంది. అంతా కలిపి ఒకటే రాయి. ఐదు వందల అడుగుల పైచిలుకు ఎత్తు. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాతిని పట్టుకుని ఎక్కడం నేర్చుకున్నది ఆ గుండు మీదే. మంచుకొండకు వెళ్లే దారి ఈ ఎండబండ మీద మొదలైంది.

"పైన నల్లరాయి ఉంది, చూపిస్త," అంటాడు తాత. పడమటి దిక్కు చూస్తాడు. అక్కడ ఆకాశం అంచున సన్నగా ఒక నల్లగీత. "జల్ది ఎక్కి జల్ది దిగాలె."

ఎక్కే ముందు ఇంకోసారి. ఈసారి అరచెయ్యి కాదు, చూపుడువేలి కొస మాత్రమే ఆనించి మెల్లగా జరుపు. ఒకచోట గీరుకుంటుంది. పక్కనే గోరంత మేర పలకలా నున్నగా ఉంటుంది. దాని పక్కన చిన్న గుంట. మళ్లీ గీరు. ఇప్పుడు ముక్కు బండకు ఆనేంత దగ్గరగా వంగి చూడు. దూరం నుంచి ఒకటే బూడిదరంగులో కనిపించిన గ్రానైటు ఇక్కడ మూడు రంగులుగా విడిపోతుంది. లేత గులాబీ రంగు పలకలు ఫెల్‌స్పార్. తల కాస్త అటూ ఇటూ కదిపితే ఒక్కొక్కటీ అద్దంముక్కలా తళుక్కుమంటుంది, అది విరిగినప్పుడల్లా చదునుగానే విరుగుతుంది కాబట్టి. వాటి మధ్య ఉప్పుగల్లుల్లా మసకగా ఉన్నవి పలుగురాయి గింజలు. వాటికి చదునుగా విరగడం తెలియదు, సీసా పగిలినట్టు పగులుతాయి. నీ వేలిని గీరింది అవే. జేబులోని చాకు తీసి గీసి చూడు. చాకు అరుగుతుంది గాని ఆ గింజ మీద గీత పడదు. ఇక గుంటల్లో నల్లగా మెరిసేది అభ్రకం. గోటితో గీకితే పొరలుగా లేస్తుంది. వానకు, ఎండకు ముందు ఓడిపోయేది అదే. అది రాలిన చోటే గుంట.

ఇంకో సంగతి చూడు. గింజకూ గింజకూ మధ్య జిగురు లేదు. సందు లేదు. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, పళ్లు బిగించినట్టు పట్టుకుని ఉన్నాయి.

బఠాణీ అంత, చిక్కుడుగింజ అంత ఉన్న ఈ గింజలు రాతిలోకి ఎలా వచ్చాయి? పటికబెల్లం గుర్తు తెచ్చుకో. పాకంలో దారం వేలాడదీసి, కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే పెద్దపెద్ద పలుకులు పేరుకుంటాయి. అదే పాకాన్ని గరిటెతో గబగబా తిప్పి చల్లారిస్తే పొడి పొడిగా అయిపోతుంది. రాయిదీ అదే కథ. నీ చేతి కింద ఉన్న ఈ బండ సుమారు 250 కోట్ల ఏళ్ల కింద, నేలకు కిలోమీటర్ల లోతున కరిగిన పాకం. పైనున్న రాయంతా దుప్పటి కప్పినట్టు వేడిని బయటికి పోనివ్వలేదు. చాలా చాలా నెమ్మదిగా చల్లారింది. గింజలకు పెరగడానికి తీరిక దొరికింది. తరవాత ఆ దుప్పటి మొత్తం కోట్ల ఏళ్లలో అరిగి, ఇసకై, వాగుల్లో కొట్టుకుపోయింది. నువ్వు ఇప్పుడు చెయ్యి పెట్టింది ఒకప్పటి పాతాళం మీద.

"పా," అంటాడు తాత.

మొదట్లో వాలు తక్కువ. బడి మెట్లెక్కినంత సులువు. తరవాత రేకుల కప్పంత వాలు. ఆ తరవాత నీ ఒళ్లు దానంతటదే ముందుకు వంగుతుంది, బండను కావలించుకోవాలనిపిస్తుంది. కాళ్లు జర్రున జారతాయి. ఒక్క జానెడు. గుండె గొంతులోకి వస్తుంది.

"బండను వాటేసుకోకు. నిలబడు. నీ బరువు కాళ్లకియ్యి."

భయమేస్తుంది. అయినా నడుము నిటారు చెయ్యి. మడమలు దించు. విచిత్రం, బూటు పట్టుకుంటుంది. వంగినప్పుడు నీ బరువు చేతుల మీదికి పోయింది, కాళ్లు తేలిపోయాయి. నిలబడ్డప్పుడు బరువంతా అరికాలు కిందికి దిగింది. వందల గింజల కొసలు రబ్బరులోకి గుచ్చుకున్నాయి. ఎక్కడా మెట్టు లేదు, పట్టుకోవడానికి అంచు లేదు. నిన్ను మోస్తున్నది గరుకు ఒక్కటే.

పది అడుగులు. ఇరవై. ఊపిరి కుదురుతుంది. ముందు చదునుగా ఒక చోటు, మంచమంత. హాయిగా అడుగేయబోతావు.

"ఆగు!"

కాలు గాల్లోనే ఆగిపోతుంది. కిందికి చూడు. చదును మీదంతా మొరం, పప్పుబద్దలంత గింజలు. ఇవీ ఒకప్పుడు బండలో ఉన్నవే. వాన నీళ్లు తగిలి తగిలి ఫెల్‌స్పార్ మెత్తబడి మట్టి అయింది, కొట్టుకుపోయింది. అభ్రకం రాలిపోయింది. పళ్లు బిగించి పట్టుకున్న తోడు పోయేసరికి పలుగు గింజలు విడివడి ఇలా మిగిలాయి. బండలో ఉన్నంతసేపు నిన్ను పట్టుకున్న గింజ, విడిపోయాక నిన్ను పడేస్తుంది. గచ్చు మీద జొన్నలు పోసి నడిచినట్టే. తాత పాదంతో మొరం పక్కకు ఊడ్చి, ఊడ్చిన చోటే కాలు పెడతాడు. నువ్వూ ఊడ్చి పెట్టు.

చదును దాటాక అసలు సిసలు ఆశ. బండ మీద పొరలు పొరలుగా పలకలు, ఒకదాని మీద ఒకటి. చేత్తో పట్టుకోవడానికి చక్కటి అంచులు. ఇంతసేపూ పట్టు దొరకని చేతులు వాటికోసం అల్లాడిపోతాయి. చెయ్యి చాచబోతుంటే తాత సుత్తె అడ్డుపెడతాడు. ముందు పక్కనున్న బండ మీద కొడతాడు. *ఖణ్.* ఆ మోత రాతి లోపలికి పోయి, నీ అరికాలికి తెలుస్తుంది. ఇప్పుడు పలక మీద కొడతాడు. *డబ్.* ఖాళీ డబ్బా మోత.

"డొల్ల," అంటాడు. "కింద గాలి ఉంది."

ఈ డొల్ల ఎక్కడిది? మీదున్న కిలోమీటర్ల బరువు తొలగిపోయాక బండ ఊపిరి తీసుకున్నట్టు కాస్త ఉబ్బింది. ఉబ్బి, ఉల్లిగడ్డ పొరల్లా పైపైన చీలింది. పగలు ఎండ, రాత్రి చలి ఆ చీలికను ఇంకాస్త ఇంకాస్త తెరుస్తూ వచ్చాయి. మనుషులు అదే పనిని తొందరగా చేయించారు. "మా నాయిన కాలంలో బండ మీద కట్టెలు పేర్చి కాల్చేటోళ్లు," అంటాడు తాత. "కాలంగ కాలంగ లోపల టప్పుమని సప్పుడొస్తది. పొర లేస్తది. గట్ల లేచిన బండలే ఊర్ల అరుగులైనయి, కడపలైనయి."

నువ్వు చెయ్యి వెనక్కి తీసుకుంటావు. కంటికి అందమైన పట్టు. చెవికి మాత్రం అబద్ధం.

ఐదుంపావు. గుట్ట నెత్తి. గాలి ఆడటం లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఒక పక్క నేల మీద తెల్లటి చార, మనిషి భుజాలంత వెడల్పు, గుట్ట తూర్పు వాలు మీదుగా కిందిదాకా దిగిపోతోంది. దగ్గరికెళ్లి వంగు. అదే గులాబీ ఫెల్‌స్పార్, కానీ గింజ కాదు, ఇటుకముక్కంత. అదే పలుగురాయి, మీగడ రంగులో పిడికెడంత గడ్డ. అదే అభ్రకం, చిన్న పుస్తకమంత దళసరి, అంచున పేజీలు లేచి ఉన్నాయి. ఒక పేజీ లాగితే గాజుకాగితంలా వస్తుంది. దీన్ని పెగ్మటైట్ అంటారు. పాకమంతా గట్టిపడ్డాక చివర మిగిలిన పలచటి ద్రవం, నీటి ఆవిరి నిండినది, చీలికల్లోకి దూరింది. పలచటి పాకంలో రేణువులు దూరదూరాల నుంచి ఈదుకుంటూ వచ్చి ఒకే పలుకు మీద చేరగలవు. అందుకే ఇంత పెద్ద గింజలు. నెల్లూరు వైపు గూడూరు గనుల్లో అభ్రకం పెద్దపెద్ద పలకలుగా దొరికింది ఇలాంటి చారల్లోనే.

"ఇగో, నల్లరాయి."

తాత చూపించిన చోట గుట్టను అడ్డంగా కోస్తూ నడుమెత్తు నల్లగోడ. ఎవరో కట్టినట్టుంది. ఎవరూ కట్టలేదు. చెయ్యి పెట్టు. ఒక్కసారిగా వేలు అయోమయంలో పడుతుంది. గీరే గింజ లేదు, మెరిసే పలక లేదు. సన్నటి గరుకు, ఎండిన మట్టికుండ మీద తడిమినట్టు. ఎంత దగ్గరగా చూసినా గింజలు విడివిడిగా కనిపించవు. ఇది డోలరైట్. గ్రానైటు ఎప్పుడో గట్టిపడి, చల్లబడి, పగిలిన తరవాత ఆ పగులులోకి కింది నుంచి వేరే పాకం ఎగదన్నింది. చుట్టూ చల్లటి రాయి. ఎదగడానికి తీరిక లేదు. గింజలు ఆవగింజ కూడా కాలేకపోయాయి. గోడ మధ్య నుంచి అంచు వైపు వేలు జరుపుకుంటూ పో. అంచు దగ్గర ఇంకా నున్నగా ఉంటుంది. చల్లటి గ్రానైటుకు తగిలి చటుక్కున గడ్డకట్టిన చోటు అదే. ఒక్క బారెడులో వేడీ చలీ ఎక్కడ కలుసుకున్నాయో నీ వేలు చెప్పేస్తోంది.

పడమట వికారాబాద్ వైపు కూడా నల్లరాయే కదా, ఇదీ అదీ ఒకటేనా? కాదు. అక్కడిది నేల పైకొచ్చి పారిన లావా, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి బసాల్టు. పైకి వచ్చేసరికి అందులోని ఆవిర్లు సోడా బుడగల్లా పొంగాయి. అందుకే ఆ రాతిలో తరచూ బొక్కలు కనిపిస్తాయి, దోసె మీద చిల్లుల్లాగా. ఈ గోడలో ఒక్క బొక్కైనా ఉందేమో వెతుకు. దొరకదు. లోతున, బరువు కింద గట్టిపడింది, బుడగకు పొంగే చోటు లేకపోయింది.

"రామప్ప గుడి చూసినవా బిడ్డా? ఆడ బొమ్మల మెడల హారం చూసినవా?"

చూశావు. ఇప్పుడు గుర్తొస్తుంది. 1213 నాటి గుడి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దాని గోడలు ఇసుకరాయి. అరచెయ్యి రుద్దితే ఇసుక తగిలినట్టే ఉంటుంది, ఎందుకంటే అది నిజంగా ఇసుకే, నీళ్లు మోసుకొచ్చి పోసిన గింజలు జిగురుతో అతుక్కున్నవి. కానీ పైన ఒయ్యారంగా నిలబడ్డ ఆడబొమ్మలు మాత్రం ఇలాంటి నల్లరాయివి. ఎందుకో ఇప్పుడు నీ వేలికే తెలుసు. గ్రానైటులో వెంట్రుకంత గీత చెక్కబోతే చిక్కుడుగింజంత పలుకు ఊడిపోతుంది. ఇసుకరాతిలో చెక్కితే అంచు రాలుతుంది. గింజ కనిపించనంత సన్నగా ఉన్న రాయి మాత్రమే శానం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. కాకతీయుల శిల్పికి గింజ సైజు తెలుసు. ఆ శిల్పం సగం ఆయన చేతిలో ఉంది, సగం ఈ రాయి చల్లారిన వేగంలో ఉంది.

గాలి మారుతుంది.

ముందు వాసన. ఎక్కడో తడిసిన మట్టి. తరవాత చల్లటి గాలి, ఒక్క తోపు. నువ్వు తలెత్తి చూస్తావు. పడమట నల్లగీత ఇప్పుడు గీత కాదు. సగం ఆకాశం.

మెరుపు.

తాత పెదాలు కదుల్తాయి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదికి ఉరుము. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. మూడు కిలోమీటర్లు. ఈ గుట్ట మీద చెట్టు లేదు. అన్నిటికంటే ఎత్తైనవి మీ ఇద్దరి తలలే.

"ఉండొద్దు. దిగుదాం."

మొదటి చినుకు నీ ముందు బండ మీద పడుతుంది. రూపాయి బిళ్లంత మచ్చ. చూస్తుండగానే ఆవిరైపోతుంది. రెండోది. మూడోది. ఇక ఆవిరి కావు. బూడిదరంగు బండ నల్లగా మారుతోంది.

దిగడానికి మూడు దారులున్నాయి. చూసుకో. తొందరగా.

వచ్చిన దారి. దాని మీదుగా ఎక్కేటప్పుడు నువ్వు పట్టించుకోని నల్లచారలు ఉన్నాయి, నీళ్లు జారిన ఆనవాళ్లు. ఇప్పుడు వాటి మీద అప్పుడే సన్నటి ధార మెరుస్తోంది. ఆ నలుపు రాతిది కాదు. అది ప్రాణమున్న పొర. పొడిగా ఉన్నప్పుడు ఎండిన పెయింటులా పట్టుకుంటుంది. తడిస్తే పాచి. బావి మెట్ల మీద పాచి.

రెండో దారి, ఆ పలకలు. మెట్లలా ఉన్నాయి. చేతికి అంచులున్నాయి. *డబ్.* ఆ మోత ఇంకా చెవిలోనే ఉంది. నీ బరువు, దాని కింద గాలి.

మూడోది తెల్లచార. నిటారుగా ఉంది. కానీ ముళ్లపందిలా గరుకు. ఇటుకముక్కలు, పిడికెళ్లు, గడ్డలు.

నువ్వు తాతను అడగవు. చెయ్యి చూపిస్తావు. తెల్లచార.

తాత తలూపుతాడు. "బూట్లు ఇప్పు."

నున్నటి అడుగు. తడి రాయి. అర్థమైంది. లేసులు కలిపి ముడేసి మెడలో వేసుకో. అరికాలు బండకు తగులుతుంది. వేడి ఇంకా లోపల ఉంది, పైన చల్లటి నీళ్లు. ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఇప్పుడు నీకు పది వేళ్లు ఎక్కువయ్యాయి.

తాత ముందు. నువ్వు వెనక. ముఖం లోయ వైపు, మోకాళ్లు వంచి, అరచేతులు వెనక బండకు ఆన్చి.

మొదటి అడుగు. ఫెల్‌స్పార్ పలక. దాని విరిగిన అంచు బొటనవేలికి గట్టిగా తగులుతుంది. మంచిది. బరువు వెయ్యి.

రెండోది. పలుగు గడ్డ. నున్నగా ఉంది, కానీ పగిలిన చోట పదును. ఆ పదును మీదే పాదం.

వాన జోరందుకుంటుంది. కళ్లలోకి నీళ్లు. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

మెరుపు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐ— ఉరుము.

వాలు నిటారవుతుంది. బండ వైపు తిరుగు. మెల్లగా. మోకాలు ఆనించకు. కడుపు దూరంగా.

కుడికాలు కిందికి చాచు. వెతుకు. చదునుగా ఒకటి తగిలింది. నున్నగా. వెడల్పుగా. మంచి మెట్టు.

బరువు వేస్తావు.

కరకర.

కదిలింది.

అభ్రకం! పేజీలు. కాలి కింద పుస్తకం జారిపోతోంది. పేజీ మీద పేజీ. ఒకటి. రెండు. అంతా.

కాలు గాల్లో ఉంది.

ఎడమకాలు వణుకుతోంది. కడుపు బండకు కొట్టుకుంది. జారుతున్నావు. చొక్కా చిరుగుతోంది. చేతులు. చేతులు ఏవి?

కుడిచెయ్యి దేన్నో తాకింది. గడ్డ. పిడికెడంత. బిగించు.

ఆగావు.

"చెయ్యి ఆపింది సాలు. ఇగ కాలు వెతుకు."

తాత గొంతు కింద నుంచి. కేక కాదు. మామూలు మాట.

కిందికి చూడకు. బొటనవేలితో చూడు. పొరలు పొరలుగా. వద్దు. మెత్తగా, జారుగా. వద్దు. గీరింది. గట్టిగా, కొసగా గీరింది. చదునైన పలక, పదునైన అంచు. ఫెల్‌స్పార్.

"దొరికింది."

"నిలబడు."

నిలబడతావు. నడుము వెనక్కి. మడమ కిందికి. బరువు పాదంలోకి దిగుతుంది. పాదం పట్టుకుంటుంది.

ఊపిరి.

ఆ తరవాత ప్రతి అడుగూ ఒక ప్రశ్న, ప్రతిసారీ జవాబు చెప్పేది వేలే. పలుగు. సరే. అభ్రకం. వద్దు, పక్కకు. ఫెల్‌స్పార్. సరే. ఫెల్‌స్పార్. సరే. వాలు తగ్గుతుంది. మళ్లీ లోయ వైపు తిరుగుతావు. కూర్చుని జరుగుతావు. చివరి బారెడూ జారబండ మీద పిల్లాడిలా జారి, తుంగగడ్డిలో పడతావు.

నేల. మెత్తటి, తడి నేల.

చాలాసేపు ఇద్దరూ మాట్లాడరు. వాన పడుతూనే ఉంటుంది. చింతచెట్టు కనిపిస్తుంది గాని తాత దాని కిందికి వెళ్లనివ్వడు, ఉరుములప్పుడు చెట్టు కింద నిలబడొద్దని. ఇద్దరూ వానలోనే నడుస్తారు. నీ కుడి అరచెయ్యి మండుతోంది. తెరిచి చూడు. మధ్యలో చర్మం లేచిపోయింది. చుట్టూ చిన్నచిన్న గుంటలు, గీతలు. నిన్ను ఆపిన గడ్డ తన ముద్ర వేసింది. గుట్ట మీంచి నీళ్లు ఎర్రగా, గలగలా దిగుతున్నాయి. పాదాల మీదుగా పోతుంటే సన్నటి గింజలు తగులుతున్నాయి. ఇందాక నువ్వు ఊడ్చిన మొరం. వాగుకు, వాగు నుంచి మూసీకి. ఎక్కడో ఏనాడో అడుగున పరుచుకుంటే ఇసుకరాయి.

గుట్ట చివర ఒక పెద్ద గుండు, నిలువునా రెండుగా చీలి ఉంది. చీలిక అంచున వరసగా బెత్తెడు దూరానికొకటి చిన్న గుంటలు, దువ్వెన పళ్లలా. ఆ గుంటల్లో ఇనుప మేకులు బిగించి వరసగా కొడుతూ పోతే గుండు పగిలింది. తాత ఒక గుంటలో వేలు పెడతాడు. వేలు సరిగ్గా సరిపోతుంది.

"నేను కొట్టిందే. పెండ్లైన కొత్తల." కాసేపు ఆగి అంటాడు. "ఎటుబడితే అటు పగలదు బిడ్డా. రాయికి వాటం ఉంటది. చెయ్యి పెట్టి వాటం సూడాలె. అప్పుడే సుత్తె లేపాలె."

వాటం అంటే గింజలు ఎటు వాలి ఉన్నాయో, సన్నటి చీలికలు ఎటు నడిచాయో అది. చెయ్యి పెట్టి చూసిన మనిషి ఎంత కావాలో అంతే తీశాడు. ఆ గుండు సగం ఏదో ఊళ్లో ఇంటి కడపై ఉంటుంది, ఇంకో సగం ఇక్కడే ఉంది. వాన తెరలోంచి దూరంగా ఇంకో గుట్ట కనిపిస్తోంది. దానికి సగమే మిగిలింది. తెల్లటి కోత, పక్కన కంకర కుప్పలు. యంత్రానికి వాటంతో పని లేదు. అన్నీ ఒకటే సైజు ముక్కలు. 250 కోట్ల ఏళ్ల తీరిక ఒక లారీలో. రోడ్లు కావాలి, ఇళ్లు కావాలి, నిజమే. కానీ ఒక్కసారైనా చెయ్యి పెట్టి చూడకుండా, అది ఏమిటో తెలుసుకోకుండా పొడి చెయ్యడం మాత్రం నీకు ఇవాళ్టి నుంచి నొప్పి పెడుతుంది. అరచేతి గాయం మానినా సరే.

రోడ్డు పక్కన చాయ్ హోటల్. వాన తగ్గింది. రేకు అంచు నుంచి ధారగా నీళ్లు గుమ్మం ముందు బండ మీద పడుతున్నాయి. బూట్లు ఇంకా నీ మెడలోనే ఉన్నాయి. తాత లోపలికెళ్లి బల్ల మీద కూర్చుని రెండు చాయ్ చెప్పాడు.

నువ్వు గుమ్మం దగ్గర ఆగుతావు.

ఎందుకు ఆగావో నీకు తెలియదు. కాలే ఆగింది. కుడికాలి బొటనవేలు బండను తాకి, మెల్లగా ఒకసారి జరిగింది. గింజ లేదు. పలుకు లేదు. గీరు లేదు. సముద్రం అడుగున మెత్తటి సున్నపు బురద పేరుకుని గట్టిపడ్డ రాయి. వేల పాదాలు అరగదీసిన తాండూరు బండ. దాని మీద నీళ్లు.

ఇక్కడ గరుకు నిన్ను మొయ్యదు. నడుము నిటారు చేస్తావు. పాదం మొత్తం పరిచి, బరువు కొంచెం కొంచెంగా దించుతావు. ఇంకో పాదం. లోపలికి వస్తావు.

తాత చూశాడు. ఏమీ అనడు. చాయ్ గ్లాసు నీ వైపు జరుపుతాడు.